ఒళ్లు సాగనప్పుడు భక్తి ఎలా? నల్లగొండ నీళ్లు అడిగే ప్రశ్న



ఈ వారం వీడియోలో గజేంద్ర మోక్షం గురించి చెప్పుకున్నాం. అందులో ఒక్క విషయాన్ని మాత్రం ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందామని పక్కన పెట్టాను. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేతకాకపోతే ఆ మనిషి ఏమవుతాడు? పూజ చేసుకునే ఒళ్లే సాగకపోతే భక్తి ఏమవుతుంది?

ఇది ముసలివాళ్ల టాపిక్ అనుకుని స్క్రోల్ చేసేయకండి. పక్షవాతం వచ్చిన నాన్న, మోకాళ్లు అరిగిన అమ్మ, యాక్సిడెంట్ తర్వాత చేయి సరిగ్గా లేవని ఫ్రెండ్, చూపు తగ్గుతున్న తాత... ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఏదో ఒక రోజు ఆ ఒకరు మనమే అవుతాం. అప్పుడు ఆలోచించుకుందాంలే అనుకుంటే కష్టం. ఇప్పుడు ఒంట్లో బాగున్నప్పుడే కొంచెం ఆలోచించి పెట్టుకోవాలి.

నీళ్లు చేసిన పని

మన తెలంగాణలో ఈ ప్రశ్నను ఊళ్లకు ఊళ్లు మోసిన చోటు ఒకటుంది. నల్లగొండ జిల్లా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు. అక్కడ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. చెరువులు, చేదబావులు ఎండిపోతుంటే జనం బోర్లు వేసుకున్నారు. బోరు లోతుకు పోయినకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ పెరిగింది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. ఆ ఊళ్లలో ఎన్నో బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి.

ఇది విషం తాగితే పడిపోయినట్టు ఒక్కరోజులో జరగదు. ముందు పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గారలు వస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లో చేరుతుంది. నడుం బిగుసుకుంటుంది, మెడ తిరగదు, మోకాళ్లు ముడుచుకోవు. ఎదిగే వయసు పిల్లలకైతే కాళ్లు వంకర పోతాయి. ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు తయారు చేశారు. దాని పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ఒక జిల్లా పేరు దాని బాధ వల్ల సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది.

మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఫ్లోరోసిస్ వల్ల ఆయన శరీరం చిన్న పిల్లాడంతే ఉండిపోయింది. ఈ కష్టం ఏమిటో కళ్లారా చూపించడానికి ఆయన్ని ఢిల్లీ తీసుకెళ్లి, అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీద కూర్చోబెట్టారు. నడవలేని ఆ మనిషి ఒక జిల్లా మొత్తానికి గొంతు అయ్యాడు. 2023 జనవరిలో కన్నుమూశారు.

ఇప్పుడు భక్తి వైపు నుంచి ఆలోచించండి. నడుం వంగని మనిషి సాష్టాంగం ఎలా పెడతాడు? మెడ ఎత్తలేని అవ్వ గాలిగోపురం ఎలా చూస్తుంది? ఆ ఊళ్లలో చాలాచోట్ల గుడితో పాటు చర్చి ఉంది, మసీదు ఉంది. నల్లగొండకు బాప్టిస్టు మిషన్, పాలమూరుకు మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ వచ్చి వందేళ్లు దాటిపోయింది. బిగుసుకుపోయిన మోకాలు గుడిలో సాష్టాంగానికి ఒప్పుకోదు, చర్చిలో మోకరించడానికీ ఒప్పుకోదు, మసీదులో సజ్దాకూ ఒప్పుకోదు. అందరూ తాగింది ఒకే బోరు నీళ్లు. అందుకే ఈ ఒక్క విషయంలో పక్కింటి క్రైస్తవుల విశ్వాసం ఏం చెబుతుందో కూడా వినడం మంచిదని నాకనిపించింది.

“ఏ జన్మల ఏం పాపం జేసిండో!”

ఒళ్లు దెబ్బతిన్న మనిషికి రోగం కంటే ఎక్కువ నొప్పి పెట్టే మాట ఇది. మనవాళ్లే అంటారు. కొన్నిసార్లు జాలితోనే అంటారు. “ఏ జన్మల ఏం పాపం జేసిండో పాపం, ఇట్లయిండు” అని. ఆ మాట చెవిన పడినప్పుడు అవతలి మనిషి పరిస్థితి ఏంటి? నడవలేని కష్టం ముందే ఉంది. దాని మీద ‘నేరస్తుడు’ అనే ముద్ర కూడా పడింది.

ఇదే ప్రశ్న రెండు వేల ఏళ్ల కింద యేసు ముందుకు వచ్చిందని యోహాను సువార్త చెబుతుంది. పుట్టుకతో చూపు లేని ఒక మనిషిని చూపించి శిష్యులు అడిగారు: పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా? ఇతనూ కాదు, వాళ్లూ కాదు అన్నాడాయన. దేవుడి పని ఇతనిలో కనబడాలి అన్నాడు. ఆ వెంటనే ఆ మనిషికి సాయం చేసే పనిలో పడ్డాడు. శిష్యులకు ఆ మనిషి ఒక చర్చా విషయం. ఆయనకు మాత్రం ఎదురుగా నిలబడ్డ ఒక మనిషి.

“మరి మనకు కర్మ సిద్ధాంతం ఉంది కదా?” అని మీరు అడుగుతారు. ఉంది. కానీ ఆ సిద్ధాంతం దేనికోసం ఉందో చూడండి. నా జీవితానికి నేను బాధ్యత తీసుకోవడానికి ఉంది. ఇవాళ నేను చేసేదాని ఫలితం రేపు నాకే వస్తుందని జాగ్రత్తపడటానికి ఉంది. ఎదుటివాడి వంగిన కాలును చూసి తీర్పు చెప్పడానికి లేదు. కర్మ గతి చాలా లోతైనదని, దాన్ని తెలుసుకోవడం కష్టమని గీతలో కృష్ణుడే చెప్పాడు. ఆయనే అంత మాట అన్నాక, మనం అరుగు మీద కూర్చుని ఫలానావాడి గత జన్మ చిట్టా విప్పడం ఏం న్యాయం?

ఇంకో మాట. శ్రీరామకృష్ణ పరమహంసకు గొంతు క్యాన్సర్ వచ్చింది. చివరికి అన్నం మింగలేకపోయారు, మాట కూడా కష్టమైంది. 1886 ఆగస్టులో శరీరం వదిలారు. రమణ మహర్షికి చేతి మీద కణితి వచ్చింది, ఆపరేషన్లు చేసినా మళ్లీ మళ్లీ వచ్చింది. 1950 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. వాళ్ల విషయంలో “ఏం పాపం చేశారో” అనడానికి మనకు నోరు వస్తుందా? రాదు. మరి శివన్నగూడెం మనిషి విషయంలో ఎందుకు వస్తుంది? పెద్దవాళ్లకో లెక్క, పేదవాళ్లకో లెక్క పెడుతున్నామంటే, అది ధర్మం చెప్పిన మాట కాదు, మన అలవాటు చెప్పిస్తున్న మాట.

నల్లగొండలో ‘పాపం’ ఎక్కడుందో స్పష్టంగానే తెలుసు. రాతిలో ఫ్లోరైడ్ ఉంది. జిల్లా అంచున కృష్ణమ్మ పారుతున్నా, నాగార్జునసాగర్ లాంటి పెద్ద డ్యామ్ అక్కడే కట్టినా, ఈ ఊళ్లకు ఆ నీళ్లు తాగడానికి రావడానికి దశాబ్దాలు పట్టింది. దానికి పుట్టిన పిల్లల జాతకం కారణం కాదు.

అడిగినా ఇవ్వకపోతే?

సరే, తప్పు మనది కాదని తెలిసింది. అయినా నొప్పి నొప్పే కదా. దేవుణ్ణి అడుగుతాం. యాదగిరిగుట్ట నరసింహస్వామిని వైద్య నరసింహుడని పిలుస్తారు. జబ్బు చేసినవాళ్లు అక్కడ ఉండి మండలం రోజులు ప్రదక్షిణలు చేసే ఆచారం ఎప్పటినుంచో ఉంది. బాగయిందని మొక్కు తీర్చుకునేవాళ్లను మనం చూస్తాం. బాగవకుండా ఇంటికి వెళ్లినవాళ్ల గురించి ఎవరం మాట్లాడం. వాళ్లకు భక్తి తక్కువా?

క్రైస్తవుల్లో పౌలు అనే అపొస్తలుడి మాట ఇక్కడ పనికొస్తుంది. ఆయన ఎన్నో సంఘాలను నిలబెట్టినవాడు. తన శరీరంలో ఒక ముల్లు ఉందని, దాన్ని తీసేయమని మూడుసార్లు ప్రార్థించానని కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆ ముల్లు ఏమిటో చెప్పలేదు. తీసేయడం కూడా జరగలేదు. నా కృప నీతో ఉంటుంది, నీ బలహీనతలోనే నా బలం తెలుస్తుంది అనే అర్థంలో ఆయనకు జవాబు వచ్చింది. అంత పెద్ద భక్తుడు, మూడుసార్లు అడిగాడు, ‘కాదు’ అనిపించుకున్నాడు. ఆ విషయాన్ని దాచుకోకుండా ఉత్తరంలో రాశాడు. “నీకు విశ్వాసం చాల్లేదు, అందుకే బాగవలేదు” అని రోగిని నిందించేవాళ్లు ఏ మతంలో ఉన్నా, ఈ ఒక్క ఉత్తరం వాళ్ల నోరు మూయిస్తుంది.

మన దగ్గర దాదాపు ఇలాంటి ఘట్టమే రామకృష్ణుల జీవితంలో ఉంది. అన్నం దిగడం లేదు, అమ్మవారిని అడగండి అని నరేంద్రుడు పట్టుబట్టాడు. ఆ నరేంద్రుడే తర్వాత వివేకానందుడయ్యాడు. సరే, ఆయన అడిగారు. అమ్మ ఇంతమందిని చూపించి, ఈ నోళ్లన్నిటితో నువ్వే తింటున్నావు కదా అన్నదట. ఆయన ఇంక మాట్లాడలేకపోయారు. గొంతు బాగవలేదు. కానీ ‘నా నోరు’ అనే గీత చెరిగిపోయింది.

గజేంద్రుడి కథను ఈ వెలుగులో మళ్లీ చూడండి. బలం ఉన్నంతకాలం అతను పోరాడాడు. అది తప్పు కాదు, పోరాడాల్సిందే. బలం పూర్తిగా పోయాక పిలిచాడు. స్వామి లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు సర్దుకోకుండా పరుగెత్తాడని పోతనగారు చెప్పిన తీరు మనందరికీ తెలుసు. గజేంద్రుడు చివరికి ఇచ్చింది ఒక్క తామరపువ్వు, ఒక్క పిలుపు. ఎంత గట్టిగా పోరాడాడో, ఎన్నేళ్లు పోరాడాడో స్వామి లెక్క అడగలేదు. సత్తువ ఉన్నప్పుడు ఎంత దగ్గరో, సత్తువ పోయాక కూడా అంతే దగ్గర. మొసలి వదిలినా వదలకపోయినా ఈ దగ్గరతనం మారదు. ఈ పోస్ట్ మొత్తంలో నేను చెప్పాలనుకున్నది ఇదే: మనం ఏదో చేయగలిగామని దేవుడు మనల్ని దగ్గరికి తీసుకోలేదు. కాబట్టి చేయలేకపోతే దూరం పెట్టడు.

వినడానికి తేలికే. నమ్మడం కష్టం. ఎందుకంటే మనం బతికే లోకం దీనికి పూర్తిగా ఎదురు. పాలమూరు కూలీల గురించి విన్నారు కదా. మహబూబ్‌నగర్ నుంచి వలస వెళ్లి దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసినవాళ్లు. ఒళ్లు ఉంటే కూలి, లేకపోతే లేదు. నడుం పోయిన మేస్త్రి తనను తాను “ఉట్టిగ తిని కూసుంటున్న” అంటాడు. ఆఫీసులో మన సంగతి వేరేగా ఉందా? అప్రైజల్‌లో రేటింగ్, వాచీలో స్టెప్పుల లెక్క, జిమ్‌లో ఎత్తిన బరువు. అన్నీ ‘ఎంత చేశావు’ అనే అడుగుతాయి. అలా ఇరవై ఏళ్లు బతికినవాడికి ఒకరోజు చేయి ఆగిపోతే, చేయి మాత్రమే పోయిందనిపించదు, తానే పోయానని అనిపిస్తుంది. భక్తి చేయాల్సిన వైద్యం అక్కడ.

మరి ఏం చేయాలి?

మొదట, ఏడవనివ్వండి. పోయినదానికి ఏడవడం భక్తికి విరుద్ధం కాదు. పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గేసిన చేయి అది. ఆ చేయి ఇప్పుడు పిండి పట్టలేకపోతే బాధ ఉండదా? “పాజిటివ్‌గా ఉండమ్మా” అని వెంటనే అనకండి. పక్కన కూర్చోండి చాలు.

రెండోది, పూజను ఒంటికి తగ్గట్టు మార్చుకోండి. కింద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చోండి. దీపం వెలిగించే చేయి వణికితే మనవరాలి చేత వెలిగించండి, సంకల్పం మీరు చెప్పండి. చదవలేకపోతే వినండి. వినలేకపోతే లోపల ఒక్క నామం అనుకోండి. మానసపూజ అనేది మన సంప్రదాయంలో ‘చేతకానివాళ్ల కోసం పెట్టిన కన్సెషన్’ కాదు, చాలామంది మహాత్ములు దాన్ని పూజల్లో పై మెట్టు అన్నారు.

మూడోది, వైద్యం ఆపకండి. స్వామి ఉన్నాడని మందులు మానేయడం, ఫిజియోథెరపీకి వెళ్లకపోవడం భక్తి కాదు. ఒక్కరోజులో నడిపిస్తామని స్టేజీ మీద మాట ఇచ్చేవాళ్లు గుడి పేరు చెప్పినా, ప్రార్థన కూటం పేరు చెప్పినా జాగ్రత్తగా ఉండండి. ముఖ్యంగా డబ్బులు అడిగితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

నాలుగోది అన్నిటికన్నా కష్టం. సాయం తీసుకోవడం నేర్చుకోవాలి. జీవితమంతా ఇచ్చిన చేయికి చాచడం రాదు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిని చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఏడు వందల ఏళ్ల మర్రి అని చెప్తారు. తొలి మొదలు ఏదో వెతికినా తేలదు. ఊడలు దిగి, ఊడలే మొదళ్లై చెట్టును నిలబెట్టాయి. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, అటవీశాఖవాళ్లు చెట్టుకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు. బరువైన కొమ్మల కింద ఆసరాలు పెట్టారు. దానికి ఆసరా పెట్టారని ఆ చెట్టు గొప్పతనం ఎవరికైనా తగ్గినట్టు అనిపించిందా? మీ అమ్మకు మీ చేయి ఆసరా అయితే ఆమె గొప్పతనం ఎందుకు తగ్గుతుంది? తనలోంచి దిగిన ఊడే కదా మీరు.

అన్నీ పోయినా ఒకటి మిగులుతుంది. ఇంకొకరి మంచి కోరుకోగలగడం. రామానుజుల శిష్యుడు కూరేశుల కథ వైష్ణవులందరికీ తెలుసు. రాజు ఆగ్రహానికి గురువు బలి కాకుండా, గురువు వేషంలో తానే సభకు వెళ్లి కళ్లు పోగొట్టుకున్నాడు. తర్వాత కంచి వరదుణ్ణి స్తుతించినప్పుడు, చూపు అడగమని గురువుగారే పంపారు. ఆయన అడిగింది వేరే. తన కళ్లు పోవడానికి కారణమైన నాలూరానుకు కూడా మోక్షం ఇమ్మన్నాడు. కళ్లు లేని మనిషి, చేతిలో వరం ఉన్న మనిషి, శత్రువు కోసం అడిగాడు. మంచం మీద ఉన్న మీ తాత పొద్దున్న మీరు ఆఫీసుకు బయల్దేరేటప్పుడు “జాగ్రత్త బిడ్డా” అంటాడు కదా. అది అలాంటి పనే. దాన్ని చిన్నగా చూడకండి.

పక్కన ఉన్నవాళ్ల పని

ఇంతవరకు బాధ పడేవాళ్ల గురించి మాట్లాడాం. ఇప్పుడు ఒళ్లు బాగున్న మన గురించి. ఓర్పు గురించి ఎంతసేపు చెప్పినా, నీళ్లు మార్చకపోతే మన ఉపన్యాసానికి అర్థం లేదు. భగీరథుడు బూడిదైపోయిన పూర్వీకుల ముందు కూర్చుని “మీ కర్మ” అనలేదు. తపస్సు చేసి గంగను దించాడు. దారి చూపించాడు, ముందు నడిచాడు. అప్పటి నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో 2015 జూన్ 8న పైలాన్ ఆవిష్కరించి మొదలుపెట్టిన తాగునీటి పథకానికి ‘మిషన్ భగీరథ’ అని పేరు పెట్టడం ఊరికే జరగలేదు. నదీజలం ఇంటి నల్లాలోకి రావడం ఈ ఊళ్ల పిల్లలకు దొరికిన పెద్ద వరం. పాత తరం ఎముకలను ఆ నీళ్లు సరిచేయలేవు. వాళ్ల వంతు మన చేతుల్లో ఉంది.

మీ ఊరి గుడికి ర్యాంప్ ఉందా? క్యూలో నిలబడలేనివాళ్లకు కుర్చీలు ఉన్నాయా? ప్రదక్షిణ చేయలేని అవ్వకు ఎదురుగా కూర్చుని చూసే చోటు ఉందా? ఈసారి ఊరెళ్లినప్పుడు కమిటీవాళ్లను అడగండి. ఇంట్లో కూడా ఒక అలవాటు మార్చుకోండి. వీల్‌చైర్‌లో ఉన్న నాన్న గురించి డాక్టర్‌తో మీరే మాట్లాడేయకుండా, ముందు నాన్నను అడగండి. మంచం మీద ఉన్న మనిషిని దాటి ఆయన గురించి మాట్లాడుకోవడం ఎంత బాధో, ఆ మంచం మీద ఉన్నవాళ్లకే తెలుసు. అలాగే పక్కింట్లో కాళ్లు పడిపోయిన క్రైస్తవ అత్తమ్మ ఉంటే, ఆదివారం ఆమెను చర్చి దాకా బండి మీద దింపి రండి. ఆమె ప్రార్థన ఆమెది, మన భక్తి మనది, దారి మాత్రం ఇద్దరిదీ.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఒళ్లు సాగని పెద్దవాళ్లకు ఫోన్ చేయండి. ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పెట్టేయకండి. “మీరు ఇదివరకు ఏ పాట పాడేవారు? ఏ గుడికి నడిచి వెళ్లేవారు?” అని అడగండి. చెప్పనివ్వండి. మధ్యలో ఏడిస్తే ఏడవనివ్వండి. చివర్లో “నాకు ఆశీర్వాదం ఇవ్వండి” అని అడగండి. ఇవ్వగలిగింది ఇంకా తన దగ్గర ఉందని ఆ మనిషికి ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

వచ్చే వారం వీడియోలో మానసపూజ ఎలా చేయాలో వివరంగా చూద్దాం. అందరికీ ఆ నరసింహస్వామి తోడు ఉండాలి.

శుభం.